మూడో పెట్టె తూకం

3 నవంబర్ 2022, గురువారం

వచ్చినవి 52. పోయినవి 47. పగిలినవి లేవు.

మా పార్శిల్ కంపెనీ హెడ్డాఫీసు ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివాను. తూటాల పెట్టెలను నల్గొండ కౌంటర్ నుంచి మక్తల్‌కు బుక్ చేసుకోవచ్చు, కాగితాలన్నీ సరిగా ఉండాలి, బాధ్యత బుకింగ్ క్లర్కుది. అంటే నాది.

ఏడాది పట్టింది. నా మొదటి ఉత్తరానికి జవాబే లేదు. రెండోదానికి వీలుకాదన్నారు. మూడోసారి కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకున్నదంతా నాలుగు పేజీలు రాసి పంపాను. మక్తల్ వైపు వేరుశనగ వేశారు. అడవిపందులు మళ్లకు మళ్లు తవ్విపోస్తున్నాయట. లైసెన్సు తుపాకులున్నవాళ్లకు అక్కడ తూటాలు చాలడం లేదు. తూటాలు అమ్మే ఎల్లేష్ పెద్ద దుకాణం ఇక్కడ, చిన్న దుకాణం అక్కడ. ఇన్నాళ్లూ వాడే జీపు మాట్లాడుకొని పర్మిట్ పట్టుకొని తీసుకుపోయేవాడు.

సాయంత్రం మిర్చి బజ్జీలు పట్టుకొచ్చాడు. "అన్నా, తుపాకి లేకుండనే పందులను ఉరికించినవు పో! నీ కలానికి గూడ లైసెన్సు కావాలె," అన్నాడు. హమాలీలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఒకప్పుడు వాడూ నేనూ ఇదే గోదాములో హమాలీలం. వాడు పది చదివాడు, నేను ఏమీ చదవలేదు. సుద్దముక్కతో బస్తా మీద 'నల్గొండ' అని రాసి చూపించింది వాడే. తక్కిన అక్షరాలు నేను బస్తాల మీద, బస్సు బోర్డుల మీద చూసి కూడబలుక్కున్నాను. ఉర్దూ మాట్లాడతాను కానీ రాయలేను. ఈ పుస్తకం తెలుగులో ఉండడానికి అదే కారణం.

ఇంట్లో నా భార్య తాహేరాకు ఉత్తరం సంగతి చెప్పాను. "కంపెనీల ఇంతమంది క్లర్కులున్నరు. గీ సామాను మన పేరు మీదనే పోవాల్నా?" అంది.

కాగితాలున్నాయి కదా అన్నాను.

"కాయితం అడిగేదాంక ఎవరు ఆగుతరు? పేరు చూస్తరు, అంతే."

15 నవంబర్, మంగళవారం

వచ్చినవి 49. పోయినవి 45.

మొదటి పెట్టె పోయింది. నా ముందు తెరిపించాను. పాతిక తూటాల ప్యాకెట్లు ఇరవై. ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టాను. తర్వాత మేకులు, లక్క ముద్ర, పైన ఎర్రరంగుతో పెద్దక్షరాలు. పర్మిట్‌లో ఐదు వందల తూటాలు, పెట్టెతో కలిపి 26.400 కిలోలు అని ఉంది. కాటా కూడా 26.400 అంది. దారిలో ఉన్న పోలీసు స్టేషన్లకు ఫోన్ చేశాను. పర్మిట్ నకలు వ్యాను డ్రైవర్ డానియల్ చేతికిచ్చి, మక్తల్‌లో లైసెన్సు చూపించినవాడికి తప్ప ఎవరికీ ఇవ్వద్దని చెప్పాను.

"అన్నా, గీ పెట్టె ఎనక ఉంటే నేను ముందు కూసొని బీడీ తాగొచ్చా?" అన్నాడు డానియల్.

"మక్తల్ దాకా తాగకు."

"రెండు వందల కిలోమీటర్లన్నా! గింత దూరం నా పెండ్లాం గ్రేస్ కూడా ఆపలేదు నన్ను."

16 నవంబర్

44, 40. పెట్టె మక్తల్‌కు ముట్టింది. సంతకం కాగితం వచ్చింది.

29 నవంబర్, మంగళవారం

వచ్చినవి 57. పోయినవి 51.

రెండో పెట్టె. తెరిచాను, లెక్కపెట్టాను. 26.400.

కొత్తగా చేరిన క్లర్కు ఎదురుగా నిలబడి చూసి, "తెలిసిన పార్టీయే కదా, కాయితం తూకం ఎక్కియ్యరాదు?" అన్నాడు. మా పనిలో అదొకటుంది. తెలిసినవాళ్ల సరుకైతే కాటా ఏం చూపించినా, అసలు కాటా ఎక్కించకపోయినా, కాగితంలో ఉన్న బరువే రిజిస్టర్‌లో రాస్తారు. అన్ని కౌంటర్లలోనూ ఉన్నదే. ఏడేళ్లలో నేను ఒక్కసారి కూడా రాయలేదు. అతనికి అదే చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను.

9 డిసెంబర్, శుక్రవారం

వచ్చినవి 61. పోయినవి 58. మూడో పెట్టె 33.300. చెక్క కొత్తది, తుమ్మ. బరువు చెక్కదే.

జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది.

10 డిసెంబర్

నిన్న వివరం రాయలేదు. రాయడానికి పెద్దగా లేదు కూడా.

మసీదు నుంచి వచ్చేసరికి రెండు ఇరవై. వ్యాను రెండున్నరకు కదులుతుంది. పెట్టె అప్పటికే కాటా మీద ఉంది. మేకులు కొట్టి, ముద్ర వేసి ఉంది. కాటా 33.300 చూపిస్తోంది. తెరవాలన్నాను.

"టైమేడున్నదన్నా? పర్మిట్ ఇయ్యాలతోని అయిపోతది," అన్నాడు ఎల్లేష్. "మల్ల తియ్యాల్నంటే పదిహేను దినాలు పడతది. ఆడ పందులు ఆగుతయా?"

"బరువెక్కువ ఉంది."

"తుమ్మచెక్కనే అది. మామిడిచెక్క పగులుతాందని మార్పిచ్చిన. నువ్వు రెండుసార్లు లెక్కపెట్టిన సరుకే కదా. నా మీద నమ్మకం లేదా?"

డానియల్ ఒక పక్క పట్టుకొని, "ఇయ్యాల పెట్టె మస్తు బరువెక్కింది," అన్నాడు.

"నీకే వయసెక్కింది," అన్నాడు ఎల్లేష్.

కాటా మీది బరువు రాస్తే పర్మిట్‌తో కలవదు, పెట్టె వెనక్కి పోవాలి. రిజిస్టర్‌లో 26.400 అని రాశాను.

తెలంగాణ వచ్చిన ఏడాది, బస్తాల దొంతి కూలి నా కాలు విరిగింది. దవాఖానకు ఎత్తుకుపోయింది ఎల్లేష్. రెండు నెలలు వాడి బస్తాలూ మోసి, నా బస్తాలూ మోసి, నా పేరు కొట్టెయ్యకుండా నిలబెట్టాడు. చెక్క బరువు గురించి అలాంటివాడితో గొడవ పడతానా?

12 డిసెంబర్

46, 46. మక్తల్ నుంచి సంతకం కాగితం వచ్చింది. ఐదు వందలు ముట్టినవని ఉంది. సరే.

13 డిసెంబర్

50, 43. తుమ్మచెక్క ఎంత బరువుంటుంది?

16 డిసెంబర్, శుక్రవారం

55, 52.

నమాజు నుంచి వస్తూ వడ్రంగి కార్ఖానా దగ్గర ఆగాను. అదే కొలతల పెట్టె తుమ్మచెక్కతో చేస్తే ఎంత తూగుతుందని అడిగాను. ఐదు కిలోలు దాటదన్నాడు. మామిడిచెక్కది మూడు కిలోల నాలుగు వందలు. తేడా కిలోన్నర.

ఎక్కువ వచ్చింది 6.900. ఒక ప్యాకెట్ 1.150. అందులోకి ఇది సరిగ్గా ఆరుసార్లు పోతుంది.

ఊరికే వేసిన లెక్క. దీన్ని రేపు కొట్టేస్తాను.

17 డిసెంబర్

48, 41. కొట్టెయ్యలేదు.

27 డిసెంబర్, మంగళవారం

వచ్చినవి 53. పోయినవి 50.

నాలుగో పెట్టె వచ్చింది. ఈసారి తెరిస్తేనే బుక్ చేస్తానన్నాను. ఎల్లేష్ వెంటనే మేకులు తీయించాడు. ఇరవై ప్యాకెట్లు. 26.400. గ్రాము తేడా లేదు.

హమాలీల ముందు తెరిపించినందుకు సిగ్గేసింది. పక్కకు పిలిచి మాఫ్ చెయ్యమన్నాను. వాడు నా భుజం తట్టి, "అన్నా, మీ నాయిన వచ్చినా కాటా ఎక్కిచ్చి చూస్తవు. గందుకే నిన్ను కంపెనీ ఇడిసిపెడ్తలేదు," అన్నాడు.

చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

పెట్టె మామిడిచెక్కదే. తుమ్మచెక్క ఏమైందని నేను అడగలేదు.

10 జనవరి 2023, మంగళవారం

వచ్చినవి 47. పోయినవి 44.

మక్తల్ అవతల ఒక ఊళ్లో ఆదివారం తెల్లారి వేరుశనగ చేన్లో ఒక ఆడమనిషికి తూటా రవ్వలు తగిలాయి. డానియల్ వార్త తెచ్చాడు. పేరు ఉప్పలమ్మ. కౌలుకు చేసుకుంటున్న చేను. పందులు వచ్చాయేమో చూద్దామని పోయిందట. పందులను కొట్టడానికి వచ్చినవాళ్లు అలికిడికి పేల్చారు. వాళ్లకు లైసెన్సు లేదు.

"లైసెన్సు లేనోళ్లకు తూటాలు యాడియన్నా?" అని అడిగాడు డానియల్.

నాకేం తెలుసు అన్నాను.

13 జనవరి, శుక్రవారం

వచ్చినవి 50. పోయినవి లెక్కపెట్టలేదు.

పోలీసులు వచ్చి రిజిస్టర్ తీసుకుపోయారు. కాల్చినవాళ్ల దగ్గర దొరికిన ప్యాకెట్ల మీది తయారీ నెంబరు, మూడో పెట్టె కాగితాల్లో ఉన్న నెంబరు ఒకటే. మక్తల్ దుకాణంలో ఐదు వందలకు అమ్మకం లెక్క ఉంది. ఇవి ఆ ఐదు వందలకు పైన ఉన్నవి.

ఎల్లేష్‌కు ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. దుకాణంలో రష్ ఉండి ఉంటుంది.

17 జనవరి, మంగళవారం

స్టేషన్‌కు పిలిచారు. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. పక్కనున్న కానిస్టేబుల్ నా పేరు అడిగాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

ఎల్లేష్ ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించారు. "పెట్టె తెరిచి లెక్కపెట్టుకొమ్మని నేనే చెప్పాను. అవసరం లేదని అహ్మద్ అలీ అన్నాడు. నా ఎదుట తూచి 26.400 అని రాసుకున్నాడు. నా దుకాణం నుంచి పోయింది ఐదు వందలే. ఆ తర్వాత పార్శిల్‌వాళ్ల దగ్గర ఏం జరిగిందో నాకు తెలియదు."

మళ్లీ చదవమన్నాను. ఎస్సై మళ్లీ చదివాడు. కింద ఎల్లేష్ సంతకం. ఆ సంతకంలో 'ల' చూసే నేను 'ల' రాయడం నేర్చుకున్నాను.

"రిజిస్టర్‌లో రాత నీదేనా?" అని అడిగాడు ఎస్సై.

నాదే అన్నాను. కాటా వేరే చెప్పిందని అనలేదు. ఎందుకు అనలేదో తెలియదు. ఎల్లేష్‌ను భయపెట్టి చెప్పించి ఉంటారు. ఒకసారి కలిస్తే తెలుస్తుంది.

హెడ్డాఫీసు ఫోన్ చేసి విచారణ అయ్యేదాకా కౌంటర్‌కు రావద్దంది.

18 జనవరి

లెక్క లేదు.

ముందటి రెండు పెట్టెలూ మంగళవారం పొద్దున తెచ్చాడు. నాలుగోది కూడా మంగళవారమే. మూడోది ఒక్కటే శుక్రవారం, జుమ్మా వేళకు. పర్మిట్ ఆఖరిరోజు. నేను ఎన్నింటికి పోతానో, ఎన్నింటికి వస్తానో ఇరవై ఏళ్లుగా వాడికి తెలుసు. నమాజుకు పోయే రోజుల్లో నా బస్తాలు వాడే మోసేవాడు.

20 జనవరి, శుక్రవారం

ఎల్లేష్ గడియారం సెంటర్‌లో హోటల్‌కు రమ్మని కబురుపెట్టాడు. రెండు చాయ్‌లు చెప్పాడు. నేను ముట్టుకోలేదు.

"పోలీసులు అట్ల రాసుకున్నరన్నా, నేను సంతకం పెట్టిన. గంతే," అన్నాడు.

"ఆరు ప్యాకెట్లు ఎక్కువ పెట్టినవా?"

వాడు అటూ ఇటూ చూశాడు. "జర మెల్లగ మాట్లాడు. ఆడ రైతులు ఏడుస్తుండ్రు. లైసెన్సులు దొరుకుతలేవు. ఆడమనిషికి తగుల్తదని ఎవడనుకున్నడు?"

"నా కౌంటర్‌లోనే పంపాల్నా?"

"నీ కౌంటరైతే ఎవడూ తెరువడన్నా. అహ్మద్ అలీ తూచిండంటే పోలీసోడు గూడ మల్ల తూచడు. గంత పేరున్నది నీకు."

ఇదొక మెప్పులాగా అన్నాడు. నిజంగానే మెప్పులాగా అన్నాడు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. నేను ఇంట్లో ఒక పుస్తకం రాస్తానని వాడికి తెలుసు. "గా రోజుది గిట్ల ఏమన్న రాసి పెట్టినవా? రాస్తే గా ఒక్క కాయితం చింపెయ్యి. నీ రిజిస్టర్ సాఫుగున్నది, నా బుక్కులు సాఫుగున్నయి. ఇగ దారిల ఉన్నదెవడు? డానియల్ ఒక్కడే. వానికి చిన్న శిక్ష పడ్తది, నేను వకీలును పెడ్త. వాని ఇల్లు నేను చూసుకుంట."

"డానియల్ ఏం చేసిండు?"

"ఏం చెయ్యలే. నువ్వేం చేసినవ్? నువ్వు జైలుకు పోతవా మల్ల? తాహేరా వదినెను అడుగు."

లేచి వచ్చేశాను. నా చాయ్ కూడా వాడే తాగి ఉంటాడు. పారబోయడం వాడికి ఇష్టం ఉండదు.

24 జనవరి

తాహేరాకు అంతా చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది.

"ఆ కాయితం చూపిస్తే నువ్వు తప్పు రాసినట్టు నువ్వే ఒప్పుకున్నట్టు."

అవునన్నాను.

"వాళ్లు దాన్ని తప్పు అంటరా? నీ పేరుకు వేరే ఏదన్న అంటరు." చేట పక్కన పెట్టి, "చింపెయ్యి," అంది.

డిసెంబర్ 9 కాగితం వేళ్ల మధ్య పట్టుకున్నాను. దాని వెనక పక్కనే 10వ తేదీది ఉంది. ఒకటి చింపితే రెండూ పోతాయి. తర్వాత చింపుతానని పుస్తకం మూసేశాను.

25 జనవరి

చింపలేదు.

28 జనవరి, శనివారం

ఇంట్లో చెప్పకుండా మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోయాను. నాలుగు బస్సులొచ్చినా ఎక్కలేదు, ఐదోది ఎక్కాను. ఉప్పలమ్మ ఆడవాళ్ల వార్డులో ఉంది. యాభై ఉంటాయి. ఎడమచెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా కట్టు. నన్ను చూసి అటవీశాఖ మనిషిననుకుంది.

"పందనుకొని కొట్టిండ్రు అని అందరు జెప్తుండ్రు సారూ. నేను పందిలెక్క ఉన్ననా? నువ్వు జెప్పు."

లేవన్నాను. పక్క మంచం మీది ముసలమ్మ నవ్వింది. ఉప్పలమ్మ కూడా నవ్వి, నొప్పికి ఆపేసింది.

"చెయ్యి లేస్తలేదు. లేవదని డాక్టరమ్మ మొఖం మీదనే జెప్పింది. చెనక్కాయ పీకుటానికి రెండు చేతులు గావాలె సారూ. మీ ఆఫీసుల గిట్ల అడుగుర్రి, ఒంటిచేతితోని పీకేది ఏమన్న పంట ఉన్నదా?"

నేను ఆ ఆఫీసు మనిషిని కానని చెప్పాలి. చెప్పలేదు. తెచ్చిన బత్తాయిలు ఆమె కుడివైపు పెట్టాను.

"నా పేరు రాస్కున్నవా సారూ?"

రాసుకుంటానన్నాను. రాసుకున్నాను. ఉప్పలమ్మ.

31 జనవరి, మంగళవారం

పొద్దున డానియల్‌ను స్టేషన్‌కు తీసుకుపోయారు. మధ్యాహ్నం వాడి భార్య గ్రేస్ మా ఇంటికి వచ్చింది. ఇదివరకు ఎప్పుడూ రాలేదు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అన్నా, నువ్వు ఇచ్చిన పెట్టెనే కదా మా ఆయన తీస్కపొయ్యిండు. నువ్వే లెక్కపెట్టి ఇస్తవని చెప్తుండె. 'అహ్మదన్న తూకం అంటే ఇగ చూసేది లేదే' అంటుండె. గట్లనే చెప్పిండంట పోలీసులకు. నమ్ముతలేరు."

 తాహేరా ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు.

గ్రేస్ పోయాక తాహేరా నా ముందుకు వచ్చి నిలబడింది.

"పుస్తకం ఉన్నదా? చింపినవా?"

ఉందన్నాను.

"పొద్దుగాల పో. నేను గూడ వస్త."

1 ఫిబ్రవరి 2023, బుధవారం

తాహేరా బురఖా వేసుకొని గడప దగ్గర ఎదురుచూస్తోంది. ఒక్క పేజీ రాసి వస్తానన్నాను.

ఈ పుస్తకం ఎవరికీ చూపించాలని రాయలేదు. ఇక ఎస్సై చదువుతాడు, వకీళ్లు చదువుతారు, నా పేరు రెండుసార్లు అడిగిన కానిస్టేబుల్ కూడా చదువుతాడు. తాహేరా బియ్యం ఏరిన సంగతి, చాయ్ సంగతి అన్నీ ఉన్నాయి. ఉండనీ. ఒక్క కాగితమే చింపి ఇస్తే తర్వాత రాశానంటారు. ప్రతిరోజూ వచ్చినవి, పోయినవి రిజిస్టర్‌తో కలిపి చూసుకోవచ్చు. అన్నీ కలుస్తాయి. ఒక్కచోటే కలవదు.

ఎల్లేష్ కూడా ఎప్పుడో ఒకరోజు ఇది చూస్తాడు. అక్షరాలు గుర్తుపడతాడు.

ఇచ్చేముందు ఒక తప్పు దిద్దాలి. బరువు చెక్కదేనని డిసెంబర్ 9న రాశాను. అది నిజం కాదు. అప్పుడు కూడా నేనది నమ్మలేదు. పెట్టె మీద చెయ్యి పెట్టినప్పుడే అది పాత మామిడిచెక్క అని తెలిసింది. మొదటి పెట్టె పంపిన రోజు మూలలో ఒక మేకు వంగింది, మక్తల్ నుంచి ఖాళీగా తిరిగొచ్చిన అదే పెట్టెకు ఆ వంకర మేకు అలాగే ఉంది. డానియల్ బరువెక్కింది అన్నప్పుడు నేను తల తిప్పుకున్నాను. ఎల్లేష్ నన్ను మోసం చేయడానికి చాలా కష్టపడ్డాడు, రోజు చూశాడు, గంట చూశాడు. అంత కష్టం అవసరం లేకపోయింది. కాలు విరిగిన నాడు మోసిన బస్తాలు గుర్తుచేసి అడిగినా అలాగే రాసేవాణ్ని.

దిద్దిన లెక్క:

9 డిసెంబర్ 2022. మూడో పెట్టె. నల్గొండ నుంచి మక్తల్. చెక్క మామిడి. రిజిస్టర్‌లో 26.400. కాటా మీద 33.300.

తూచింది నేను. రాసింది నేను.

అహ్మద్ అలీ